ప్రతిపదార్థం తెలిసింది, తాత్పర్యం?



మా ఊరు బళ్ళారికి అట్టే దూరం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి జిల్లాలో మిగిలిన భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత ఊళ్ళ మధ్య పడింది గాని, వియ్యాలు ఎప్పటిలాగే నడిచాయి. ఇటు పిల్లను అటు ఇవ్వడం, అటు పిల్లను ఇటు తెచ్చుకోవడం మాకు కొత్త కాదు. హోసూరులోనో, రాయగడలోనో ఉన్న మీకూ ఇది తెలిసిన సంగతే.

నేను ఐదో తరగతి చదివే రోజుల్లో మా పక్కింట్లో ఒక పెళ్ళి కుదిరింది. పిల్ల తండ్రికి తెలుగు అక్షరాలే అంతంతమాత్రం, కన్నడం అసలు చదవలేడు. పిల్లవాడి వాళ్ళు మనవాళ్ళే అయినా రెండు తరాలుగా కన్నడ ఊళ్ళో ఉండిపోయి, ఉత్తరాలు కన్నడంలోనే రాసేవారు. ఒకనాటి మధ్యాహ్నం కార్డు ముక్క వచ్చింది. చదవడానికి నన్ను పిలిచారు. బడికి పోయే పిల్ల గదా అని నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చుట్టూ ఏడెనిమిది మంది చేరారు.

కార్డులో మొదటి మాట, క్షేమ సమాచారం తరవాత, "మదువెగె అవసరవిల్ల" అని ఉంది. నేను తడుముకోకుండా, "పెండ్లికి అవసరం లేదంట" అన్నాను.

ఇంక చూడండి. పిల్ల తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేనమామ లేచి నిలబడి, అవసరం లేనివాళ్ళు తాంబూలాలు ఎందుకు పుచ్చుకున్నారని కేకలు మొదలుపెట్టాడు. ఆ పిల్ల, నేను అక్కా అని పిలిచేదాన్ని, వంటింటి గడప మీద నిలబడినది నిలబడినట్టే లోపలికి పోయింది. కార్డులో ఇంకా నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాటిని చదవమన్నవారు లేరు, నాకు చదవాలని తోచనూ లేదు.

సాయంత్రం మా బడి పంతులుగారు అటుగా వస్తే ఆ కార్డు ఆయన చేతిలో పెట్టారు. ఆయన చివరిదాకా చదివి నవ్వారు. మిగతా వాక్యాలు ఏమంటే, వానలు పడనీ, శేంగా పంట చేతికి రానీ, కార్తీకంలో చేద్దాం అని. కన్నడంలో "అవసర" అంటే తొందర. పెళ్ళికి తొందర లేదు, మీరు అప్పులకు పోవద్దు, పంట వచ్చాకే పెట్టుకుందాం అని ఆ వియ్యంకుడు మర్యాదగా రాశాడు. ఆ మర్యాదను నేను తిరస్కారంగా చదివి వినిపించాను. ఆ మేనమామ మర్నాడు బస్సెక్కి వెళ్ళి నాలుగు మాటలు అనేసి వచ్చి ఉంటే ఆ సంబంధం ఏమయ్యేదో!

పెరిగి పెద్దదాన్నయి బి.ఇడి. చేసి, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు రెండు భాషలూ చెబుతున్నా, ఆ కార్డు నన్ను వదలలేదు. అందుకే ఈ ప్రసంగానికి ఈ విషయం ఎంచుకున్నాను. ఒకరు రాసినది ఇంకొకరు చదువుతున్నప్పుడు, ఒక భాషలోది ఇంకో భాషలోకి తెస్తున్నప్పుడు, మాటకున్న అర్థం వేరు, ఆ మాట అన్నవారి ఉద్దేశం వేరు అయ్యే సందర్భాలు ఎలా వస్తాయి, అప్పుడు మనం ఏం పట్టుకోవాలి అన్నది.

నేను చేసిన తప్పు ఎలాంటిదో చూడండి. తెలియని మాట వల్ల వచ్చిన తప్పు కాదది. తెలియని మాట ఎదురైతే ఆగుతాం, పక్కవారిని అడుగుతాం, నిఘంటువు తీస్తాం. తెలిసినట్టు కనిపించే మాట మనల్ని ఆపదు. అవసరం అనే ఈ ఒక్క మాటనే తీసుకోండి. పుట్టుక సంస్కృతం. అక్కడ దానికి సమయం, అవకాశం అని అర్థం. హిందీలో ఇప్పటికీ అవకాశమే. ఒడియాకు వెళ్ళేసరికి తీరిక అయింది, ఉద్యోగ విరమణ కూడా అయింది. కన్నడంలోనూ తమిళంలోనూ తొందర. మన తెలుగులో అది లేకపోతే గడవనిది. ఒకే తల్లి పిల్లలు అయిదు ఊళ్ళల్లో స్థిరపడి అయిదు వృత్తులు పట్టినట్టుంది. అక్షరాలు ఒక్కటే కాబట్టి మనసూ ఒక్కటే అనుకుంటే ఐదో తరగతి పిల్ల పనే అవుతుంది.

ఇలాంటివి సరిహద్దుల్లో ఉన్నవారికి కోకొల్లలు. కన్నడంలో "తిండి" అంటే పొద్దున తినే టిఫిను, మనకు తిండి అంటే మొత్తం తినేదంతా. వాళ్ళ "ఊట" భోజనం, మన ఊట చెలమలో ఊరే నీళ్ళు. వాళ్ళు "తడి" అంటే ఆగు అని, మనకు తడి అంటే చెమ్మ. తమిళంలో "పసి" ఆకలి, మనకు పసి అంటే పాలు తాగే బిడ్డ. వాళ్ళు పసి అన్నప్పుడు మనకు బిడ్డ గుర్తుకొస్తే ఆ ఆకలి ఎప్పటికి తీరేను? ఒడిశాలో ఉన్నవారికి "వ్యవసాయం" సంగతి చెప్పక్కర్లేదు. మనకు పొలం పని, అక్కడ వ్యాపారం. ఇక నా వృత్తికి సంబంధించినది "శిక్ష". ఒడియాలో, హిందీలో అది చదువు. మనకూ, కన్నడిగులకూ, మరాఠీవారికీ దండన. హిందీలో విద్యాశాఖ చూసే మంత్రిని శిక్షా మంత్రి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మా తరగతిలో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. రెండు అర్థాలకూ పెద్ద తేడా లేదని వాళ్ళ అభిప్రాయం కాబోలు!

మా వైపు ఒక హాస్యం చెప్పుకుంటారు. కన్నడ ఊరి కోడలు వంటింట్లోంచి "అన్న మాడిదె" అందట. అన్నం వండాను అని ఆమె చెప్పింది. తెలుగు అత్త అన్నం మాడిందనుకుని పరుగెత్తుకుంటూ పొయ్యి దగ్గరికి పోయిందట. ఇది జరిగిందో, కల్పించారో నాకు తెలియదు గాని, జరగడానికి వీలున్నదే.

ఇంతవరకూ మాటల సంగతి. ఇది తేలిక. పది మాటలు గుర్తుపెట్టుకుంటే పది తప్పులు తప్పుతాయి. అసలు చిక్కు మాటలన్నీ సరిగానే తెలిసినప్పుడు వస్తుంది.

మన బడుల్లో పద్యం చెప్పేటప్పుడు రెండు పనులు చేయిస్తాం. ఒకటి ప్రతిపదార్థం, రెండోది తాత్పర్యం. పరీక్షలో ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఉంటుంది కాబట్టి పిల్లలు రెండూ బట్టీ పడతారు. ఈ రెండూ ఎందుకు వేరువేరుగా ఉన్నాయని మాత్రం అడగరు. తాత్పర్యం అనే మాటను విడదీసి చూడండి. తత్, పర. దానియందే లగ్నమైనది తత్పరం. చెప్పేవాడి మనసు దేనియందు లగ్నమై ఉందో అది తాత్పర్యం. పదాల అర్థాలన్నీ వరసగా కూడితే వచ్చే మొత్తాన్ని తాత్పర్యం అనరు. అలా అయితే రెండో ప్రశ్న అడగవలసిన పనే ఉండేది కాదు.

మన పూర్వులు దీన్ని గురించి చాలా లోతుగా ఆలోచించారు. వారు తరచు చెప్పే ఉదాహరణ ఒకటుంది. సైంధవం అనే సంస్కృత పదానికి ఉప్పు అనీ, సింధుదేశపు గుర్రం అనీ రెండర్థాలు. యజమాని సైంధవం తెమ్మన్నాడు. భోజనం చేస్తున్నప్పుడైతే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయలుదేరుతున్నప్పుడైతే గుర్రం తేవాలి. విస్తరి ముందుకు గుర్రాన్ని తోలుకొచ్చిన పనివాడికి నిఘంటువు రాదని ఎవరూ అనలేరు. వాడికి రానిది సందర్భం.

ఇంకొకటి, 11వ శతాబ్దానికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో చర్చించినది. పొద్దు గుంకింది అని ఒకడు అన్నాడు. ఇందులో రెండర్థాల మాట ఒక్కటీ లేదు. అయినా వినేవారిని బట్టి ఎన్ని తాత్పర్యాలు వస్తాయో ఆయన వరసగా చూపిస్తాడు. మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. గొడ్ల కాపరికి మందను మళ్ళించమని. అంగడి శెట్టికి సరుకు సర్దుకోమని. కూలివాడికి ఇవాళ్టి పని అయిందని. ఆడుకునే పిల్లకు ఇంటికి రమ్మని. పట్నం పోయిన కొడుకు కోసం వాకిట్లో నిలబడిన తల్లి తనలో తాను అనుకుంటే, అందులో ఆదుర్దా. దీన్ని కన్నడంలోకి తేవడం ఎవరికైనా చేతనవును. ఏ మనిషి, ఏ మనిషితో అన్నదో తెలియకుండా తెచ్చినవాడు మాత్రం ఉత్త పొద్దును తెచ్చి మన చేతిలో పెడతాడు.

ఇక మీమాంసకులు ఒక గ్రంథం ఉద్దేశం ఏమిటో తేల్చుకోవడానికి ఆరు గుర్తులు చెప్పారు. ఆరింటినీ ఇక్కడ విప్పి చెప్పను, కొన్ని పండితుల చర్చకే పనికొస్తాయి. మొదటిది మాత్రం ప్రతి ఇంటికీ పనికొచ్చేది. ఉపక్రమ ఉపసంహారాలు అంటారు. అంటే మొదలుపెట్టింది ఎక్కడ, ముగించింది ఎక్కడ, రెండూ కలిపి చూడమని. మా పక్కింటి కార్డుకు ఈ సూత్రం పెట్టి చూడండి. మొదలు, పెళ్ళికి అవసరం లేదని. ముగింపు, కార్తీకంలో చేద్దామని. రెండూ ఒకే చేత్తో, ఒకే కార్డు మీద రాసినవి. పెళ్ళే వద్దన్నవాడు నెల ఎందుకు చెబుతాడు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే, కన్నడం రాకపోయినా, అక్కడున్న ఎవరికైనా అనుమానం వచ్చేది. రెండోది అభ్యాసం. చెప్పదలచినదాన్ని మనిషి తిరిగి తిరిగి చెబుతాడు. వానలు రానీ, పంట రానీ అని ఆ కార్డు రెండుసార్లు అంది. మనసు ఎక్కడుందో అక్కడే తెలుస్తోంది.

ఇప్పుడు అనువాదం దగ్గరికి వద్దాం. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోతే, అయిపోయాయి అనరు. "బియ్యం నిండుకున్నాయి" అంటారు. దీపం ఆరితే కొండెక్కింది అంటారు. మంగళసూత్రం తెగితే పెరిగింది అంటారు. వెళ్ళిపోయేవారు వెళ్ళొస్తాను అంటారు. కీడు మాట నోట రాకూడదని మన ఆడవాళ్ళు కట్టుకున్న భాష ఇది. ఒక తెలుగు కథలో ముసలావిడ డబ్బా మూత తీసి, బియ్యం నిండుకున్నాయమ్మా అందనుకోండి. ప్రతిపదార్థం నమ్ముకున్న అనువాదకుడు డబ్బా నిండా బియ్యం పోస్తాడు. ఆమె ఆకలి కథ కాస్తా సంపన్నుల ఇంటి కథ అయిపోతుంది.

పోనీ, అర్థం తెలిసినవాడు బియ్యం లేవు అని రాశాడు. ఇది తప్పా? తప్పు లేదు గాని, చాలలేదు. ఆవిడ లేవు అనలేదు గదా. లేవు అనడానికి నోరు రాలేదు. ఆ నోరు రాకపోవడంలోనే ఆమె పెరిగిన ఇల్లు, ఆమె భయం, ఇంకా మిగిలి ఉన్న ఆశ అన్నీ ఉన్నాయి. చేరవలసిన భాషలో కూడా అలాంటి మంగళపు మాట ఉంటే అనువాదకుడి అదృష్టం. లేకపోతే, ఆమె మూత తీసి, లోపలికి చూసి, మాట మార్చింది అని ఒక్క వాక్యం కలిపినా నేను తప్పుపట్టను. కొందరు తప్పుపడతారు, మూలంలో లేనిది చేర్చావంటారు. మాట మూలంలో లేదు, నిజమే. మనసు ఉంది.

ఉద్దేశం ఏమాత్రం లేనిచోట ఉన్నట్టు కనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. ఇది కన్నడ బడుల్లో చదివిన తెలుగు పిల్లలందరికీ తగిలిన దెబ్బే. మన తెలుగులో ఆవు వచ్చింది అంటాం, అత్త వచ్చింది అంటాం. ఏకవచనంలో ఆడవారికీ పశువుకూ క్రియ ఒక్కటే. కన్నడంలో అలా కాదు. ఆవుకైతే "బంతు", అత్తకైతే "బందళు", గౌరవిస్తే "బందరు". మా తరగతిలో కొత్తగా చేరిన తెలుగు పిల్లవాడు కిటికీలోంచి చూసి "టీచర్ బంతు" అన్నాడు. తరగతి తరగతంతా గొల్లుమంది. టీచరు అదిగో వచ్చిందని వాడి తెలుగు మనసు కన్నడంలో అన్నది. కన్నడ చెవికి మాత్రం నేను పశువునో వస్తువునో అయ్యాను. ఆ టీచరును నేనే గనక, చిన్నప్పుడు నేనూ ఆ మాటే అని బెంచీ ఎక్కి నిలబడ్డదాన్ని గనక, వాణ్ణి దగ్గరికి పిలిచి క్రియ దిద్ది పంపాను. వాడి కన్నడంలో తప్పుంది, మర్యాదలో లేదు. ఇదే తప్పు కొత్త అల్లుడు అత్తవారింట్లో చేస్తే ఎవరు దిద్దుతారు? మనసులో పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి పెట్టుకున్నవారిని నేనెరుగుదును.

ఇలాగే ఇంకోటి. ఒక పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు. వచ్చాక, వాళ్ళ "అవ్వ" చనిపోయిందని కన్నడంలో చెప్పాడు. ఇటు కన్నడంలో అవ్వ అంటే తల్లి. పంతుళ్ళందరూ వాణ్ణి దగ్గరికి తీసుకున్నారు, ఒకరు మధ్యాహ్నం తమ డబ్బాలోంచి అన్నం కూడా పెట్టారు. మూడోనాడు తల్లి బడికి వచ్చింది, వాడు మరిచిపోయిన పలక ఇవ్వడానికి! మన రాయలసీమ తెలుగులో అవ్వ నాయనమ్మ, లేదా అమ్మమ్మ. అబద్ధం ఎవరూ ఆడలేదు. అయితే ఒకటి. ఆ పిల్లవాణ్ణి పెంచింది నాయనమ్మేనట. ఆ రోజు పెట్టిన అన్నం వృథా పోలేదనే నేను అనుకుంటాను.

ఉత్తరం రాసినవారు బతికి ఉంటే అడగవచ్చు. అయ్యా, మీ ఉద్దేశం ఏమిటని ఇంకో కార్డు రాయవచ్చు, ఇప్పుడైతే ఫోను చేయవచ్చు. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట రాసిపోయిన కవిని ఎలా అడుగుతాం? అక్కడ మనకు మిగిలేది రాసిన మాటలు, రాసిన కాలం, ఎవరి కొలువులో రాశాడన్న సమాచారం.

వ్యాసుడి భారతాన్నే తీసుకోండి. 10వ శతాబ్దంలో పంప మహాకవి దాన్ని కన్నడంలో విక్రమార్జున విజయంగా చెప్పాడు. ఆయన ఉన్నది ఇప్పటి తెలంగాణలోని వేములవాడ చాళుక్యుల కొలువులో. ఏలిక అరికేసరిని అర్జునుడితో పోల్చి చెప్పాలన్నది ఆయన సంకల్పం. అందుకే ఆ కావ్యంలో ద్రౌపది ఐదుగురికి భార్య కాదు, ఒక్క అర్జునుడికే భార్య. తరవాతి శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కోరికపై నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టాడు. ఆ రాజు చంద్రవంశం వాడు, పాండవులు తన వంశ కర్తలని భావించినవాడు. నన్నయ సంకల్పం వ్యాసుడి భారతార్థాన్ని తెలుగువారికి అందించడం. ఆయన కథను కుదించాడు, వర్ణనలు పెంచాడు, కాని ద్రౌపదికి ఐదుగురు భర్తలనే మాట మార్చలేదు. ఇంకో రెండు శతాబ్దాలకు తిక్కన వచ్చి, భగవద్గీత భాగాన్ని చాలా క్లుప్తంగా ముగించి కథను ముందుకు నడిపించాడు.

వీరిలో ఎవరు సరిగా అనువదించారు అని మా పిల్లలు అడుగుతారు. పంపను నన్నయ తూకపు రాళ్ళతో తూస్తే పంప తప్పినట్టే కనిపిస్తాడు. ఎందుకు రాశాడో తెలుసుకుని తూస్తే, తన ఏలికకు ఒక కొత్త కావ్యం కట్టి ఇచ్చిన మహాకవి కనిపిస్తాడు. అనువాదకుడికి కూడా ఒక ఉద్దేశం ఉంటుందని మనం తరచు మరిచిపోతాం. అన్నట్టు, ఈ పంపకు జినవల్లభుడని తమ్ముడున్నాడు. కరీంనగర్ ప్రాంతంలోని కుర్క్యాల దగ్గర గుట్ట మీద ఆయన వేయించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉంది, అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. రెండు భాషల మధ్య బతకడం మనతో మొదలు కాలేదని చెప్పడానికే ఈ ముక్క చెప్పాను.

కొన్నిచోట్ల ఎంత వెతికినా కవి ఉద్దేశం తేలదు. వేమన పద్యాల చివర వచ్చే మకుటం మనందరికీ కంఠతా వచ్చు. సి.పి.బ్రౌను 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేసిన నాటికే ఆ మకుటం జనం నోళ్ళల్లో ఉంది. అందులోని మొదటి మాటలు వేమనకు సంబంధించిన మనుషుల పేర్లని కథలు చెప్పినవారున్నారు. కాదు, అవి భగవంతుణ్ణి గురించిన విశేషణాలని విడదీసి చెప్పిన పండితులూ ఉన్నారు. పేర్లనుకుంటే ఆ పద్యంలో స్నేహం వినిపిస్తుంది, విశేషణాలనుకుంటే భక్తి వినిపిస్తుంది. నేను తరగతిలో రెండూ చెబుతాను. కవి ఉద్దేశం ఇదే అని బల్ల గుద్ది చెప్పే పంతులంటే నాకు కొంచెం భయం. ఆయన చాలాసార్లు తన ఉద్దేశాన్నే కవి నోట పెడుతుంటాడు.

ఇప్పటిదాకా మాట దాటి మనసును పట్టుకోమని చెబుతూ వచ్చాను. ఇలా చేయకూడని చోటు కూడా ఒకటుంది. అది నాకు ఈ మధ్యనే అనుభవమైంది.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయాక అన్న పంచన చేరింది. అన్న తన ఇంట్లో ఒక పక్క భాగం ఆమెకు రాసిచ్చి, రెండేళ్ళ తరవాత పోయాడు. పత్రం కన్నడంలో ఉంది. అన్న కొడుకు ఇల్లు పడగొట్టి కట్టాలంటున్నాడని ఆవిడ ఆ పత్రం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. "చదువమ్మా, ఇల్లు నాదేనని మా అన్న రాసిచ్చినాడు గదా" అంది.

చదివాను. "జీవితావధియవరెగె వాసక్కె మాత్ర" అని ఉంది. బతికినన్నాళ్ళూ నివాసానికి మాత్రమే అని. ఇల్లు ఆమెకు ఇచ్చినట్టు ఒక్క మాట లేదు. అలాగే చెప్పాను. ఆమె నమ్మలేదు. "అట్ల రాయడమ్మా మా అన్న. ఈ ఇల్లు నీదే తల్లీ అని నా చెయ్యి పట్టుకుని చెప్పినాడు. నువ్వు ఇంకోసారి సరిగా చదువు."

మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. నిజం చెబుతున్నాను, "మాత్ర" అన్న ఆ చిన్న మాటను మింగేసి చదవాలని నాకూ అనిపించింది. ఆ అన్న నోటితో అన్నది అబద్ధమని నేను అనుకోను. ఇల్లు నీదే అన్నప్పుడు, నిన్ను ఎవరూ కదిలించరు అన్నది ఆయన తాత్పర్యం కావచ్చు. చెల్లెలు దాన్ని ప్రతిపదార్థంగా తీసుకుని ఉండవచ్చు. లేదా ఆయన నిజంగానే ఇవ్వదలచి, రాయించేటప్పుడు కొడుక్కు భయపడి ఉండవచ్చు. ఏది నిజమో నాకు తెలిసే దారి లేదు. ఉత్తరాన్నీ, పద్యాన్నీ చదివినట్టు ఆస్తి పత్రాన్ని చదవడానికి వీల్లేదు. అక్కడ రాసినవాడి ఉద్దేశాన్ని ఆ కాగితం మీద ఉన్న మాటల్లోంచే తీయాలి తప్ప మన జాలిలోంచి తీయకూడదు. తప్పు చదివి ధైర్యం చెబితే ఆమె ఆ ధైర్యంతో వెళ్ళి పోట్లాడేది, ఉన్న హక్కు కూడా ఏమిటో తెలుసుకోకుండా పోయేది. ఉన్న హక్కు చిన్నది కాదు. బతికినన్నాళ్ళూ అని స్పష్టంగా ఉంది. తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళితే ఆయనా అదే చెప్పాడు, ఆమె ఉండగా ఆ భాగాన్ని ఆమె సమ్మతి లేకుండా ముట్టుకోవడం కుదరదన్నాడు.

ఆ రాత్రి ఆవిడ మేనల్లుడికి ఉత్తరం రాయమంది. అతను బెంగుళూరులో ఉంటాడు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఆమె తెలుగులో చెప్పింది, నేను కన్నడంలో రాశాను. "నాకు ఇల్లు అవసరం లేదు నాయనా. నేను పోయేదాకా ఆ గదిలో ఉండనీ, చాలు" అంది. అవసరం లేదు అన్నచోట నా కలం ఆగింది. అవసరవిల్ల అని రాస్తే, ఇల్లు తీసుకోవడానికి నాకు తొందర లేదు, నెమ్మదిగా తీసుకుంటాను అన్నట్టు అతను చదువుకుంటాడు. బేడ అని రాస్తే విసురుగా ఉంటుంది, ఆమె మాటలో విసురు లేదు. చివరికి "అగత్యవిల్ల" అని రాశాను. ఆ మాట మనకూ ఉన్నదే, రెండుచోట్లా దానికి అర్థం ఒక్కటే.

రాయడం అయ్యాక ఉత్తరమంతా మళ్ళీ తెలుగులో చెప్పి వినిపించాను, సంబోధన దగ్గర్నుంచి ఆశీస్సుల దాకా. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "నాయనా అని రాసినావు గదా?" అని అడిగింది. రాశానన్నాను. అప్పుడు వేలిముద్ర వేసింది.